నారింజ రంగు వాచీ

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారం గురువారం ఒక సంత జరుగుతుంది. జుమ్మేరాత్ బజార్ అంటారు. ఇత్తడి గుండిగలు, గొంతు పోయిన గ్రామఫోన్లు, చెవి లేని తాళాలు, తాళం లేని చెవులు, కెమెరాలు, గడియారాలు, అన్నీ నేల మీద గుడ్డ పరిచి కుప్ప పోస్తారు. ఆ సంతలో ఒక వ్యాపారి ఉండేవాడు. ఆగిపోయిన చేతి వాచీలు కొనడం అతని పని. ఒక్కొక్కటీ చూసి బేరమాడే ఓపిక లేదు, మొత్తం కుప్ప గుత్తకు కొనేవాడు.

ఒకసారి అలా కొన్న కుప్పలో ఒక ఆల్విన్ కీ వాచీ వచ్చింది. ఇప్పటి పిల్లలకు ఆల్విన్ అంటే మియాపూర్ దారిలో ఒక చౌరస్తా పేరు. అది ఒకప్పుడు హైదరాబాదు సొంత కంపెనీ. నిజాం కాలంలో, 1942లో పుట్టింది. ఇంట్లో ఫ్రిజ్ నుంచి రోడ్డు మీద బస్సు బాడీ దాకా చేసింది. 1980ల్లో జపాన్ సీకో కంపెనీ సాంకేతిక సహకారంతో చేతి వాచీలూ చేసింది. కంపెనీ పోయింది, చౌరస్తాకు పేరు మిగిలింది.

ఆ వాచీ డయల్ మీద చెమ్మ చేరి మరకలు పడ్డాయి. నిమిషాల ముల్లు సగానికి విరిగింది. కీ ఇచ్చి చూస్తే మాత్రం టిక్కుటిక్కుమంది. మిషను బతికే ఉంది. వ్యాపారి దాన్ని డయల్‌కి రంగులు వేసే మనిషి దగ్గరికి పంపాడు. ఆ మనిషి పాత రంగంతా కడిగేసి, మాగిన నారింజ రంగు కొట్టి, పైన కంపెనీ పేరు అచ్చు వేశాడు. ముళ్ళు ఇంకో వాచీవి తెచ్చి తగిలించాడు. పైకేసుకి పాలిష్ పట్టాడు, కొత్త అద్దం వేశాడు, తోలు బెల్టు కట్టాడు. వెనక మూత లోపలి వైపు మాత్రం ముట్టుకోలేదు. అక్కడ చూసేదెవరు?

మరుసటి గురువారం ఒక బ్యాంకు మేనేజరు సంతకు వచ్చాడు. పుర్రెకో బుద్ధి కదా, ఆయన పుర్రెలో వాచీలు తిరుగుతుంటాయి. ఇంట్లో బీరువా అరలో చేతి వాచీలు బారులు తీరి ఉంటాయి, పెట్టుకునేది మాత్రం ఒక్కటే. నారింజ రంగు కంట పడగానే ఆయన కాలు ఆగింది.

"కంపెనీ స్టాకు సార్. ఏదో కొట్టు మూసేస్తుంటే దొరికింది. ఒక్కరోజు కూడా ఎవరూ పెట్టుకోలేదు" అన్నాడు వ్యాపారి. పద్దెనిమిది వందలకు బేరం తెగింది.

మేనేజరు తిన్నగా మొజంజాహీ మార్కెట్ పక్క సందుకు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి వాచీ మెకానిక్ ఉన్నాడు. ఒక మనిషి కూచుంటే నిండిపోయే కొట్టు. అందరూ ఆయన్ని చాచా అంటారు. చాచా కంటికి అద్దం తగిలించుకుని వాచీని దీపం కిందకు తెచ్చాడు.

"డయల్ రంగేసింది సాబ్. అక్షరాలు చూడండి, అంచులు ఉబ్బి ఉన్నాయి. కంపెనీ అచ్చు ఇట్ల ఉండదు. ముళ్ళు వేరే వాచీవి. నిమిషాల ముల్లు గీతల దాకా అందుతలేదు."

"ఎంత చేస్తుంది చాచా?"

"ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే తొమ్మిది వందలు."

మేనేజరుకు కడుపు మండింది. ఊళ్ళో వాచీల పిచ్చి ఉన్న కొందరు ఆదివారం పొద్దున ఒక ఇరానీ హోటల్లో కలుస్తారు. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒకరి వాచీ ఒకరు చూసుకుంటారు, అమ్ముకుంటారు, మార్చుకుంటారు. ఆ ఆదివారం మేనేజరు నారింజ వాచీ తీసుకెళ్ళాడు. దారిలో మనసుకు సర్దిచెప్పుకున్నాడు: 'నేను ఎవర్నీ మోసం చెయ్యడం లేదు. నన్నే ఒకడు మోసం చేశాడు. నా డబ్బు నాకొస్తే చాలు.'

అక్కడికి వచ్చే కాలేజీ లెక్చరరు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "ఇది కంపెనీ రంగేనా సార్?" అని అడిగాడు కూడా. మేనేజరు ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి, "నేను కొన్నప్పుడు ఇలాగే ఉంది" అన్నాడు. అక్షరాలా నిజం. ఇరవై నాలుగు వందలకు వాచీ చేయి మారింది.

నెల తిరిగేసరికి లెక్చరరుకు అనుమానం వచ్చి చాచా దగ్గరికే వెళ్ళాడు. చాచా మళ్ళీ అదే మాట చెప్పాడు. లెక్చరరు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు 'నా డబ్బు నాకొస్తే చాలు' అనుకున్నాడు. ఆ హోటలుకే వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి మూడు వేల అయిదు వందలకు ఇచ్చేశాడు. తోడుగా ఒక చిన్న ఉపన్యాసం ఉచితం: ఆల్విన్ చరిత్ర, సీకో సహకారం, ఈ రంగు ఎంత అరుదైనదో. మొదటి రెండూ నిజాలే.

కుర్రాడు తెలివైనవాడు. ఫోటో తీసి, పెద్దది చేసి, మిగతా ఆల్విన్ వాచీల ఫోటోల పక్కన పెట్టి చూసుకున్నాడు. అక్షరాల వాలు కలవలేదు. ధ్రువపరుచుకోవడానికి చాచా దగ్గరికి వెళ్ళాడు. వాచీని చూడగానే చాచాకు నవ్వొచ్చింది. కంటికి అద్దం కూడా పెట్టుకోలేదు.

ఆ కుర్రాడి ఆఫీసులోనే పనిచేసే ఒక అమ్మాయి, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అతన్ని అడిగింది. "నీకు పాత వాచీలు తెలుసటగా. ఆల్విన్ ఒకటి దొరుకుతుందా? మా నాన్న అందులో పనిచేశాడు, వాచీలు బిగించే సెక్షన్‌లో. వచ్చే వారం ఆయనకు డెబ్బై నిండుతాయి."

కుర్రాడి గొంతులో మెతుకు అడ్డం పడింది. నీళ్ళు తాగాడు. చెప్పేద్దామా అనుకున్నాడు. మూడు వేల అయిదు వందలు గుర్తొచ్చాయి. "ఒకటుంది. అయిదు వేలు" అన్నాడు. మళ్ళీ కాసేపు ఆగి, "మీ నాన్నగారికి కదా, రెండు వందలు తగ్గించి ఇవ్వు" అన్నాడు. అంతటితో ఊరుకోలేక తన ఖర్చుతో మంచి డబ్బా కొని, వెల్వెట్ గుడ్డ పరిచి, అందులో పెట్టి ఇచ్చాడు.

పుట్టినరోజు నాడు ఆ పెద్దాయన డబ్బా తెరిచాడు. వేలు దానంతటదే కీ మీదికి వెళ్ళింది. నాలుగు చుట్లు తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తరవాత దూరంగా పట్టి చూశాడు. ఆయన బల్ల మీదుగా వెళ్ళిన వేల వాచీల్లో ఈ రంగు ఒక్కటీ లేదు. ముళ్ళు ఈ వాచీవి కావని కళ్ళు మూసుకున్నా కనిపెట్టగలడు.

"నువ్వు చేసినవి ఇవే కదా నాన్నా?" అంది కూతురు.

"ఇవేనమ్మా" అన్నాడు.

మర్నాడు ఆయన దాన్ని చేతికి పెట్టుకుని మొజంజాహీ మార్కెట్ సందుకు వెళ్ళాడు. చాచా వాచీని చూసి తల పట్టుకున్నాడు. "ఇది నా దగ్గరికి రావడం నాలుగోసారి భాయ్" అంటూ జరిగిందంతా చెప్పాడు.

"ముగ్గురికీ నిజం చెప్పావా?"

"అల్లా మీద ఆన. చెప్పిన ప్రతిసారీ ఇది ఇంకా తొందరగా అమ్ముడుపోయింది."

"మూత విప్పు."

చాచా వెనక మూత విప్పాడు. లోపల మిషను శుభ్రంగా ఉంది, ఒక్క స్క్రూ కూడా మారలేదు. పెద్దాయన అద్దం అడిగి కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొన్నవాళ్ళూ, అమ్మినవాళ్ళూ డయల్ గురించే మాట్లాడుకున్నారు. లోపల అసలైన సరుకు అంత చక్కగా నడుస్తోందని ఎవరి నోటా రాలేదు.

మూత లోపలి వైపు సన్నని గీతలున్నాయి. వాచీని ఎప్పుడెప్పుడు విప్పి సర్వీసింగ్ చేశారో మెకానిక్‌లు సూదితో గీసుకునే గుర్తులు అవి. నెల, సంవత్సరం, పొడి అక్షరాలు. పెద్దాయన చాచా చేతిలోంచి సూది తీసుకుని, వాటి కింద ఖాళీ చూసి, తెలుగులో చిన్న చిన్న అక్షరాలతో గీశాడు: డయల్ రంగు కొత్తది. ముళ్ళు వేరే వాచీవి. మిషను అసలుది. కింద ఆ రోజు తేదీ వేశాడు. మూత బిగించి చేతికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నీతి

తెలిసిన లోపం దాచి వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టినవాడు ఆ క్షణం నుంచి మోసపోయినవాడు కాడు, మోసం చేసినవాడు. తనను ముందు ఎవరు ముంచారన్నది ఆ లెక్కలోకి రాదు.

ఈ కథ విన్నవాళ్ళు సాధారణంగా 'కొనేముందు బాగా చూసుకోవాలి' అని తేల్చేస్తారు. అది కొనేవాడి జాగ్రత్త. కథ అడుగుతున్నది అమ్మేవాణ్ణి. సంత వ్యాపారి సంగతి వదిలేద్దాం, అతను పొట్టకూటికి ఆ పని చేస్తున్నాడు, అతని మాట ఎంతవరకు నమ్మాలో సంతకు వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. మేనేజరు, లెక్చరరు, కుర్రాడు అలాంటివాళ్ళు కారు. ముగ్గురికీ జీతాలున్నాయి, ముగ్గురికీ వాచీలంటే ప్రాణం, ముగ్గురూ ఆదివారం ఒకే బల్ల దగ్గర చాయ్ తాగుతారు. సరదా కోసం చేసే వ్యాపారంలో అబద్ధం ఆడేటప్పుడు మనిషికి తాను వ్యాపారినని అనిపించదు. అందుకే అది అంత తేలిగ్గా జరిగిపోతుంది.

'నా డబ్బు నాకొస్తే చాలు' అన్న మాటను కాస్త లెక్కవేసి చూడండి. తొమ్మిది వందల వాచీని పద్దెనిమిది వందలకు కొన్న మేనేజరుకు నష్టం తొమ్మిది వందలు. అక్కడే ఆగి ఉంటే కథ అంతటితో సరి. ఆయన ఆరు వందలు మిగుల్చుకున్నాడు. లెక్చరరు పదకొండు వందలు, కుర్రాడు పదమూడు వందలు. తన డబ్బు మాత్రమే తిరిగి రావాలని కోరుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా తన డబ్బు దగ్గర ఆగలేదు. చివరికి ఆ అమ్మాయి చేతిలో పడ్డ నష్టం మూడు వేల తొమ్మిది వందలు. నీరు పల్లమెరుగు అన్నట్టు నష్టం కూడా చేతులు మారుతూ, అందరికన్నా తక్కువ తెలిసినవాళ్ళ దగ్గరికి చేరి ఆగింది. పైగా ఆమె వాచీల మనిషి కాదు. దాన్ని ఇంకెవరికీ అంటగట్టే ఉద్దేశం లేని మొదటి కొనుగోలుదారు ఆమే.

ఇలాంటి బజారు ఎక్కడికి పోతుందో అర్థశాస్త్రం ఎప్పుడో చెప్పింది. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ 1970లో పాత కార్ల బేరాల మీద ఒక వ్యాసం రాశాడు. వస్తువు లోగుట్టు అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు ప్రతి వస్తువునూ అనుమానించి ధర తగ్గిస్తాడు. ఆ తగ్గిన ధరకు మంచి వస్తువు ఉన్నవాడు అమ్మడు, ఇంట్లో పెట్టుకుంటాడు. బజారులో చెత్త మిగులుతుంది. ఇలాంటి కృషికే ఆయనకు మరో ఇద్దరితో కలిపి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దగ్గర పాత వాచీలు కొనబోయేవాళ్ళు 'రంగేసిందేమో' అనే మాటతోనే బేరం మొదలుపెట్టడం చూశాను. నిజంగా అసలైన వాచీ తెచ్చినవాడికి ఆ మాటతో మనసు విరిగిపోతుంది. వాచీ మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతుంది.

హెచ్.ఎం.టి. వాచీలకు పట్టిన గతి ఇదే. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో అవి మొదలయ్యాయి. పెళ్ళిలో అల్లుడి చేతికి వాచీ అంటే హెచ్.ఎం.టి.యే అన్నంతగా రెండు మూడు తరాలు వాటితో గడిపాయి. 1980ల చివర్లో టైటాన్ బ్యాటరీ వాచీలు వచ్చాక కీ వాచీలు వెనకబడ్డాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయడానికి ఆమోదం తెలిపింది. ఇక రావు అనగానే వాటి మీద మోజు పెరిగింది. మోజు వెంటే రంగులూ వచ్చాయి. కంపెనీ కలలో కూడా వేయని చిలకపచ్చలు, గులాబీలు వేసుకుని జనతా, పైలట్ మోడళ్ళు దేశాలు దాటాయి. విదేశాల్లో సేకరించేవాళ్ళు మన దగ్గరి నుంచి వచ్చే ఇలాంటి వాచీలకు 'ముంబై స్పెషల్' అని వెటకారంగా పేరే పెట్టారు. నిజమైన పాత జనతా పంపిన మనిషికి కూడా ఆ వెటకారం తప్పదు.

ఇక్కడ రంగులు వేసే మనిషి తరఫున ఒక మాట చెప్పాలి. అతని పనిలో నాకు తప్పు కనిపించదు. తుప్పు పట్టి పారేయాల్సిన వాచీని చేతికి పెట్టుకునేలా చేశాడు. రంగు వేసినట్టు చెప్పి అమ్మితే దాన్ని ఇష్టపడి కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నారింజ రంగు నాకూ ఇష్టమే. రంగేసినదాన్ని 'కంపెనీ స్టాకు' అన్నప్పుడు తప్పు పుట్టింది. 'నేను కొన్నప్పుడు ఇలాగే ఉంది' అన్నప్పుడు దానికి పెద్దమనిషి వేషం వచ్చింది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ చెడ్డది. సంత వ్యాపారి అబద్ధాన్ని అబద్ధంగా పట్టుకోవచ్చు. మేనేజరు మాటలో ఎక్కడ పట్టుకుంటారు?

దాపరికంతో ఇంకొక నష్టం కూడా ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ గమనించరు. లోపం దాచేవాడు మంచినీ చెప్పలేడు. మిషను అసలుది అని చెప్పాలంటే మూత విప్పాలి. మూత విప్పి చూపిస్తే కొనేవాడు డయల్ కూడా శ్రద్ధగా చూస్తాడు. అందుకని ఆ వాచీలో నిజంగా గర్వపడాల్సిన భాగం నాలుగు బేరాల్లోనూ చీకట్లోనే ఉండిపోయింది.

ఇలాంటి వాచీ మీ చేతిలో పడితే ఏం చేయాలంటారా? మొదట అమ్మినవాడి దగ్గరికే వెళ్ళండి. తిరిగి తీసుకుంటే సరే, లేకపోతే ఉన్నదంతా చెప్పి, వచ్చినంతకు అమ్మండి, లేదా మీరే పెట్టుకోండి. పోయిన తొమ్మిది వందలు ఫీజు అనుకోండి. కొనేటప్పుడైతే మూత విప్పి లోపలి ఫోటో అడగండి. అక్షరాల అంచులు, ముళ్ళ పొడవు చూడండి. సీకో వాచీ అయితే వెనక మూత మీది నంబరు చదవండి. సాధారణంగా అందులో మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి వేస్తారు. అమ్మేవాడు చెప్పే సంవత్సరంతో ఆ అంకె కలవకపోతే మొహమాటపడకుండా కారణం అడగాలి. నిజాయితీ గల మనిషికి ఆ ప్రశ్న నచ్చుతుంది, అతనికి అవన్నీ చెప్పాలనే ఉంటుంది.

ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. ఆ తండ్రి కూడా కూతురి దగ్గర నిజం దాచాడు కదా, ఆయనకు ఈ నీతి వర్తించదా? ఆయన మౌనంతో ఆయనకు ఒక్క రూపాయి కలిసిరాలేదు. వాచీ తరవాత ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకు నిజం అందేలా చేసిపెట్టాడు. అక్కడికి ఆయన మిగతావాళ్ళతో సమానం కాడు. అయినా నాకు పూర్తిగా సమాధానం దొరకలేదు. నేనైతే కూతురికి చెప్పేవాణ్ణి. పుట్టినరోజు నాడు కాదు, ఒక నెల ఆగి. ఆ అమ్మాయి వాళ్ళ మావయ్యకు ఇంకో వాచీ కోసం అదే కుర్రాడి దగ్గరికి వెళ్ళకముందే.